దూడనే రానివ్వండి

పత్తి మోకాలెత్తుకు వచ్చినప్పుడు మాచవరం మండలంలో ఏ చేను గట్టు మీదైనా నిలబడి గుంటక తోలే జతను చూడండి. ఎడ్ల మూతులకు చిక్కాలు, మెడల మీద కాడి, వెనక రైతు. సాలు చివరికి రాగానే రైతు నాలుకతో ఒక చప్పుడు చేసి, పగ్గం కాస్త కదుపుతాడు. అంతే, మొక్క విరక్కుండా జత మళ్లుకుంటుంది. దుక్కి పని ట్రాక్టరు చేతికి పోయి చాలా కాలమైంది. పైరు ఎదిగిన చేలో కలుపు తీసే ఈ పనికి మాత్రం పల్నాడులో ఇంకా ఎద్దును నమ్ముకున్నవాళ్లు ఉన్నారు.

ఒంగోలు ఎద్దు బరువు అయిదు క్వింటాళ్లకు అటూ ఇటూ ఉంటుంది. వెనక నడిచే మనిషి అందులో ఏడో వంతు ఉంటే ఎక్కువ. ఎద్దు వద్దని మొండికేస్తే ఆపే బలం ఆయన చేతుల్లో లేదు. అయినా అది ఆగుతుంది, మళ్లుతుంది, కాడి దింపగానే ఆయన భుజానికి మెడ రాసుకుంటుంది. ఈ మాట వినే గుణం చేలో పుట్టింది కాదు. పాతిక, ముప్పై కిలోల దూడగా కొట్టంలో తల్లి పొదుగు చుట్టూ తచ్చాడుతున్న రోజుల్లోనే ఎవరో దీనికి పునాది వేశారు. ఈ అధ్యాయం ఆ రోజుల గురించి. మీ ఇంట్లో దూడ ఉంటే ఇందులోవి రేపు పొద్దున్నే చేసి చూడవచ్చు. దూడ లేకపోయినా, భయపడుతున్న ఒక ప్రాణి మన దగ్గర ఎలా కుదుటపడుతుందో తెలుసుకోవడం మీకు పనికొస్తుంది.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. దూడ వెనక్కి తగ్గాలనుకున్నప్పుడు దాన్ని తగ్గనివ్వండి. వెళ్లిపోయే దారి ఉందని తెలిసిన దూడే తిరిగి మీ దగ్గరికి వస్తుంది. మిగతాదంతా ఈ ఒక్క మాట నుంచి వచ్చేదే.

ముందు తల్లిని నిమరండి

ఈనిన ఆవు దగ్గర పిల్లలు తిరుగుతుంటే ఇంట్లో పెద్దవాళ్లు అనే మాట మనందరికీ తెలుసు: "దూడ జోలికి పోబాకరా, కుమ్ముద్ది!" అది నిజమే. ఒంగోలు ఆవుకు బిడ్డ మీద కాపు ఎక్కువ. కానీ ఆ మాటలో మనం గమనించని సంగతి ఒకటుంది. దూడ దగ్గరికి వెళ్లే దారి తల్లి మీదుగానే వెళ్తుంది.

ఫ్రాన్సులో రెన్ విశ్వవిద్యాలయానికి చెందిన సెవెరిన్ ఆన్రీ, మార్టిన్ ఒజ్‌బెర్జె బృందం గుర్రాల్లో దీన్ని పరీక్షించి చూసింది. గుర్రప్పిల్లలు పుట్టిన మొదటి అయిదు రోజులు పిల్లల్ని ముట్టుకోకుండా, వాటి ఎదుటే తల్లి గుర్రాన్ని మెత్తగా బ్రష్ చేసి, చేత్తో మేత పెట్టారు. అయిదు రోజులకు కలిపి అయిన సమయం గంటంపావు. ఆ పిల్లలు తరువాత మనుషుల దగ్గరికి బెరుకు లేకుండా వచ్చాయి. ఏడాది గడిచాక చూసినా ఆ తేడా నిలిచే ఉంది. ఈ ఫలితాలు 2005లో అచ్చయ్యాయి. అదే బృందం 2009లో దీనికి రెండో వైపు కూడా చూపించింది. పుట్టిన వెంటనే మనుషులు పట్టుకుని, చాలాసేపు ఒళ్లంతా తడిమిన పిల్లలు ధైర్యంగా ఎదగలేదు. అవి తల్లిని వదలకుండా అంటిపెట్టుకున్నాయి, ఆ తరువాత తోటి గుర్రాలతో కలవడంలోనూ వెనకబడ్డాయి.

అంతకుముందు అమెరికాలో రాబర్ట్ మిల్లర్ అనే పశువైద్యుడు పుట్టిన గుర్రప్పిల్లను మొదటి గంటల్లోనే అణువణువూ తాకి అలవాటు చేయాలని ప్రచారం చేశారు. ఆయన ఉద్దేశం మంచిదే. ఎదిగాక గుర్రం మనిషిని చూసి బెదరకూడదన్నదే ఆయన తపన. కానీ తల్లి నాకవలసిన గంటలో మన చేతులు అడ్డుపడితే ఆ పిల్లకు దక్కాల్సిన మొదటి పాఠమే పోతుంది.

గుర్రప్పిల్లకూ కోడెదూడకూ తేడాలున్నాయి. ఒకటి లేచి తల్లి వెంట పరుగెత్తే జాతి. రెండోది మొదటి రోజుల్లో పొద చాటున, మూల వారన ముడుచుకుని పడుకునే జాతి. కానీ తల్లి ఎవరిని చూసి బెదురుతుందో, ఎవరి ముందు నింపాదిగా నెమరు వేస్తుందో చూసి నేర్చుకోవడం రెండింటికీ ఉంది. అందుకే మొదటి వారం దూడను పలకరించకండి. గుప్పెడు వరిగడ్డి చుట్ట చుట్టి, దూడ చూస్తుండగా తల్లి మెడ, మూపురం మొదలు, వెన్ను రుద్దండి. గంగడోలు కింద గోకండి. తల్లి తల చాచి, కళ్లు సగం మూసిందంటే దూడకు మీ గురించి చెప్పాల్సింది చెప్పేసినట్టే.

ఈ వారంలో దూడ మీద పడక తప్పని చేతిపనులు రెండు. పుట్టిన గంట, రెండు గంటల్లో ముర్రుపాలు కడుపులో పడాలి. రోగాన్ని తట్టుకునే శక్తి దూడకు ఆ పాల నుంచే వస్తుంది. పేగు ఆ శక్తిని గ్రహించే గడువు ఒక్క రోజుతో దాదాపు ముగుస్తుంది. రెండోది బొడ్డు. దానికి టించర్ అయోడిన్ అద్దాలి. ఈ రెండింటికీ మొహమాటపడి ఆలస్యం చేయకండి. గబగబా, మెత్తగా చేసి, పక్కకు జరగండి. దూడ లేవలేకపోతున్నా, పాలు తాగకపోతున్నా ఎదురుచూడకుండా 1962కు ఫోన్ చేసి పశువైద్యులను పిలవండి.

ఎక్కడ ఆగాలి

దూడ చుట్టూ కంటికి కనపడని గీత ఒకటుంటుంది. మీరు దాన్ని దాటితే దూడ కదులుతుంది. దాటకపోతే చూస్తూ నిలబడుతుంది. మన పశువుల కాపరులకు ఆ గీత ఒంట్లోనే ఉంటుంది. అమెరికాకు చెందిన టెంపుల్ గ్రాండిన్ ఇదే గీత ఆధారంగా పశువుల్ని అదరకుండా బెదరకుండా నడిపించే పద్ధతిని లోకానికి నేర్పారు. మీరు నేర్చుకోవాల్సింది ఆ గీతకు ఇవతల ఆగడం. దూడ చెవులు మీ వైపు తిరిగి బిగుసుకున్నాయా, తల పైకెత్తిందా, బరువు వెనక కాళ్ల మీదకు మార్చిందా? అక్కడే ఆగండి. ఆగి, ఒక అడుగు వెనక్కి వేయండి. ముందుకు వేసే అడుగు కంటే ఈ వెనకడుగే ఎక్కువ పని చేస్తుంది. తన మాట మీకు అర్థమైందని దూడకు తెలిసేది అప్పుడే.

దూడ కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి. చుట్టూ చాలా భాగం కనిపిస్తుంది కానీ సరిగ్గా తోక వెనక ఏముందో కనపడదు. అందుకని వెనక నుంచి వెళ్లకండి. ఎదురుగా నేరుగా కూడా వెళ్లకండి. భుజం వైపు నుంచి, కాస్త ఏటవాలుగా, చూపు దాని కళ్లలోకి గుచ్చకుండా వెళ్లండి. పశువుల చెవులకు సన్నటి చప్పుళ్లు మనకంటే బాగా వినిపిస్తాయి. ఇనప గేటు కీచుమనడం, స్టీలు బకెట్టు కిందపడటం మనకు మామూలైనా దానికి గుండె దడ. నేల మీద పడిన నీడను చూసి కూడా అది గొయ్యేమోనని ఆగిపోతుంది. ఆగినప్పుడు తరమకండి, చూసుకోనివ్వండి.

అన్నిటికంటే తేలిక ఉపాయం కూర్చోవడం. కొట్టంలో ఒక మూల చిన్న పీట వేసుకుని, దూడకు పక్కగా తిరిగి కూర్చోండి. చేతిలో ఫోన్ వద్దు. చిక్కుడుకాయలు ఒలుచుకోండి, పగ్గం పేనుకోండి, ఏదో ఒక నెమ్మది పని చేసుకోండి. రోజూ ఒకే వేళ అయితే మేలు. పల్నాడు ఎండల్లో అది తెల్లవారుజామునో, పొద్దు వాలాకో కావాలి. వడగాలికి రొప్పుతున్న దూడకు నేర్చుకునే ఓపిక ఉండదు. అది మొదట దూరం నుంచి చూస్తుంది. తరువాత మెడ చాచి వాసన చూస్తుంది. ఒక రోజు మీ చొక్కా అంచు నోట పెట్టుకుని చీకుతుంది. ఆ రోజు కూడా చేయి చాచకండి. అది ఇంకో రెండు రోజులు మిమ్మల్ని తనే పరీక్షించుకోనివ్వండి.

చేయి వేయాల్సిన రోజు వచ్చినప్పుడు ఎక్కడ వేయాలన్నది ముఖ్యం. ఆవులు ఒకదాన్నొకటి నాకేది మెడ కింద, మూపురం చుట్టుపక్కల. ఆస్ట్రియాలో పరిశోధకులు ఆ చోట్లనే చేత్తో నిమిరి చూస్తే ఆవులు మెడ చాచి, చెవులు వాల్చి నిలబడ్డాయి. అలా నిమిరించుకున్న ఆవులు తరువాత మనుషుల్ని దగ్గరికి రానిచ్చాయి కూడా. కాబట్టి ముందు మూపురం పక్కన, తరువాత మెడ, గంగడోలు. కాళ్లు, చెవులు, తోక చాలా రోజుల తరువాత. కొంచెంసేపు గోకి, దూడకు ఇంకా కావాలనిపిస్తున్నప్పుడే చేయి తీసేయండి.

కోడెదూడ విషయంలో ఒక హెచ్చరిక. దాని నుదుటి మీద అరచేయి పెట్టి నెట్టకండి, పిల్లల్ని నెట్టనివ్వకండి. నెలల దూడ తలతో తోస్తుంటే ఇంటిల్లిపాదీ ముచ్చటపడతారు. రెండేళ్లకు కొమ్ములొచ్చాక అదే ఆట ఆడితే ప్రాణాల మీదికి వస్తుంది. తప్పు అప్పుడు కోడెది కాదు. నుదురు తగిలించగానే నిశ్శబ్దంగా లేచి పక్కకు వెళ్లిపోండి, మెడ చూపితే గోకండి. ఏది చేస్తే మనిషి ఉంటాడో, ఏది చేస్తే వెళ్లిపోతాడో దానికి తొందరగానే తెలుస్తుంది.

రోజుకు రెండుసార్లు తెగే నమ్మకం

ఇప్పుడు మనవాళ్లు ఎక్కువగా పట్టించుకోని చోటుకు వద్దాం. చాలా ఇళ్లలో పాలు పితికే పద్ధతి ఇది: దూడను విప్పి తల్లి దగ్గరికి వదులుతారు. అది నాలుగు గుక్కలు తాగేసరికి ఆవు చేపుతుంది. వెంటనే దూడ మెడలో పలుపు పట్టి లాగి, అవతల గుంజకు కట్టేసి పితుక్కుంటారు. నోటి దగ్గర పాలు ఉండగా లాగేసే ఆ చేయి, తరువాత గోకడానికి వచ్చే చేయి ఒక్కటే. గోకి చూపించిన ప్రేమంతా పాలు పితికే ఆ రెండు పూటల్లో కరిగిపోతుంది.

దూడలు మనుషుల్ని గుర్తుపెట్టుకుంటాయి. కెనడాలో ఆన్ మరీ ద పసియే, జెఫ్రీ రషెన్, వాళ్ల సహచరులు 1996లో ప్రచురించిన పరిశోధన దీన్ని చూపించింది. మంచిగా చూసినవాళ్లు ఎవరో, బెదిరించినవాళ్లు ఎవరో దూడలు వేరు చేసి, రెండోవాళ్లకు దూరంగా జరిగాయి. కట్టుకున్న బట్టల రంగు కూడా వాటికి ఆనవాలే.

పాలు పితకడం మానమని ఎవరూ చెప్పలేరు. చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. దూడను వెనక్కి ఈడ్చి దూరంగా కట్టకుండా, తల్లి తల ముందు, అది నాకగలిగేంత దగ్గర కట్టండి. తల్లి నాకుతుంటే దూడ తన్నుకులాడటం తగ్గుతుంది, ఆవు పాలు ఎగచేపడం కూడా తగ్గుతుంది. ఒక చన్ను పూర్తిగా దూడకే వదిలేయండి. మన పెద్దల్లో చాలామంది పాటించిన న్యాయమే ఇది. కాస్త ఎదిగి మేత కొరుకుతున్న దూడ అయితే, పొదుగు నుంచి మళ్లించే చోట గుప్పెడు తవుడు ఉంచండి. లాగి తీసుకెళ్లే చోటుకు అది తనంతట నడిచి వచ్చే రోజు ఒకటి వస్తుంది. ఇంట్లో ఇద్దరుంటే లాగే పని, గోకే పని ఒకరిమీదే పెట్టకండి.

మనుషుల దగ్గర

వ్యక్తిత్వ వికాస పుస్తకంలో ఆవుదూడ ఎందుకని మీరు అడగవచ్చు. నరసరావుపేట హాస్టలు నుంచి సెలవులకు వచ్చిన పిల్లవాడు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకుండా గదిలో కూర్చుంటాడు. తల్లి తలుపు దగ్గర నిలబడి, "ఏమైంది నాన్నా, చెప్పు, చెప్పరా" అని అడుగుతూనే ఉంటుంది. ప్రేమతోనే అడుగుతుంది. కానీ వాడికి వెనక్కి తగ్గే చోటు మిగలడం లేదు. ఆ తల్లి అడగడం ఆపి, వాడి గది ముందు వసారాలో కూర్చుని కంది కాయలు ఒలుచుకుంటే వాడు బయటికి రావడానికి ఒక కారణం దొరుకుతుంది. వాడు వచ్చి పక్కన కూర్చున్నాక కూడా మార్కుల గురించి ఎత్తకుండా ఉండటం ఆమె వేసే వెనకడుగు.

తల్లి గుర్రం సంగతి కూడా ఇక్కడ అంతే నిజం. మీరు ఇంట్లో అత్తగారితో, పనిమనిషితో, వాకిట్లోకి వచ్చిన కూరగాయల ఆమెతో ఎలా మాట్లాడుతున్నారో పిల్లలు గమనిస్తూనే ఉంటారు. మీ కోపం తమ మీదికి ఎప్పుడు మళ్లుతుందో వాళ్లు లెక్క వేసుకునేది అక్కడే. పిల్లవాడితో తియ్యగా మాట్లాడి, వాడి తల్లి మీద కేకలు వేసే తండ్రిని ఏ బిడ్డా పూర్తిగా నమ్మలేడు.

పలుపు, ముకుతాడు

మెడలో పలుపు వేసే ముందు రెండు, మూడు రోజులు దాన్ని కొట్టంలో దూడకు అందేలా పడేసి ఉంచండి. వాసన చూస్తుంది, నములుతుంది. వేశాక వెంటనే గుంజకు కట్టి వదిలేయకండి. గింజుకుని ఉరి బిగిసే ప్రమాదం ఉంది. పైగా మనిషి వేసిన ప్రతి వస్తువూ శత్రువేనని దానికి నాటుకుపోతుంది. పలుపు కొస మీ చేతిలో ఉంచుకోండి. ముందుకు రమ్మని లాగినప్పుడు దూడ కాళ్లు తన్నిపెట్టి వెనక్కి లాగుతుంది. దాని ఒంటి తత్వమే అంత. మీరు ఎక్కువ లాగితే అది ఇంకా ఎక్కువ లాగుతుంది. అందుకని పలుపు కొంచెం బిగువుగా పట్టుకుని, ఊరికే నిలబడండి. అది ఒక్క కాలు ముందుకు కదిపిన క్షణంలోనే వదులు చేయండి. అడుగు వేయగానే మెడ మీద బిగువు పోతుందని దూడ కనిపెడుతుంది. చేనులో పగ్గం కొద్దిగా కదిపితే చాలని ముందు చెప్పానే, ఆ విద్య మొదలయ్యేది ఇక్కడే. ఒకే పిలుపు వాడండి. "దా... దా..." అన్నదే మీ పిలుపైతే ఇంట్లో అందరూ అదే అనాలి.

ముకుతాడు గుచ్చించడం దూడ జీవితంలో పెద్ద నొప్పి. అది తప్పనిసరి అనుకుంటే దూడ బాగా ఎదిగాక, చేయి తిరిగినవాళ్లతో లేదా పశువైద్యుల చేత శుభ్రంగా చేయించండి. ఆ పూట పట్టుకునే చేతులు రోజూ గోకే చేతులు కాకుండా చూడండి. పుండు మానేదాకా ముకుతాడు పట్టి లాగనే కూడదు. ఆ రోజుల్లో పలుపుతోనే నడిపించండి. మెడ పలుపుకు నడవడం ముందే నేర్చిన కోడెకు ముకుతాడు మీద బరువు వేయాల్సిన అవసరం తరువాత కూడా పెద్దగా రాదు. ముల్లుకర్ర సంగతి చట్టమే తేల్చింది. బండి లాగే పశువుల మీద మొనదేలిన కర్ర వాడకూడదని 1965 నాటి కేంద్ర నిబంధనలు చెబుతున్నాయి.

పల్నాడులో బండలాగుడు పోటీలంటే ఎంత ఇష్టమో నాకు తెలుసు. మేపే రైతు కుటుంబాలు ఆ గిత్తల్ని కన్నబిడ్డల్లా సాకుతాయి. వాటికి పెట్టే ఉలవలూ, చేసే సేవా చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. కానీ ఇంకా పళ్లు మారని కోడెలు లాగే పాలపళ్ల విభాగం చూస్తే నా మనసు ఒప్పుకోదు. పాలపళ్లు ఊడి రెండు పళ్లు వచ్చేసరికి రెండేళ్లు దాటతాయి. అంతకంటే చిన్న కోడె ఎముకలు, కీళ్లు ఇంకా ముదరలేదు. పైగా వేలమంది కేకలు, మైకు, చెర్నాకోల చప్పుడు మధ్య అది నేర్చుకునేది భయంతో లాగడమే. మరో రెండేళ్లు ఆగితే అదే కోడె నమ్మకంతో లాగుతుంది.

సాధుగుణం ఒంగోలు రక్తంలోనే ఉందని మనం గర్వంగా చెప్పుకుంటాం. బ్రెజిల్ చూస్తే ఆ మాట సగమే నిజమని తెలుస్తుంది. మన గడ్డ నుంచి వెళ్లిన ఈ జాతి అక్కడ నెలోర్ పేరుతో కోట్లకు పెరిగింది. పెద్ద పెద్ద బీళ్లలో మనిషి ముఖం అరుదుగా చూస్తూ పెరిగే ఆ పశువులు మనిషి దగ్గరికొస్తే బెదిరి పరుగు తీస్తాయి. రక్తం అదే, తేడా చాలావరకు పెంపకంలో ఉంది. అక్కడ జబోతికబాల్‌లోని విశ్వవిద్యాలయంలో మతేయుస్ పరాన్యోస్ ద కోస్త బృందం, పుట్టిన దూడను ఎలా పట్టుకోవాలో, ఎలా నిమరాలో పశువుల కాపరులకు పుస్తకాలు వేసి మరీ నేర్పుతోంది. తరాలుగా మన కొట్టాల్లో అమ్మమ్మలు చేసిన పనే అది.

కొని తెచ్చిన దూడ

మీ ఇంట్లో పుట్టని దూడను సంతలోనో, పక్క ఊళ్లోనో కొని తెచ్చారనుకోండి. మొదటి వారాలు మీ చేతిలో లేవు. ఎవరో కొట్టి ఉండవచ్చు, ఆటోలో కాళ్లు కట్టి తెచ్చి ఉండవచ్చు. అప్పుడు కూడా మొదటి పని దగ్గరికి వెళ్లడం కాదు. నీళ్లు, మేత పెట్టి, సాధువైన మరో పశువు పక్కన కట్టి, ఆ పశువును మీరు నిమరండి. దూడకు తల్లి లేని లోటు కొంతవరకు అలా తీరుతుంది. ఈ దూడ గీత చాలా దూరంలో ఉంటుంది. వారాల తరబడి అది ఒక్క జానెడే దగ్గరికి జరిగితే ఆ జానెడుతో సరిపెట్టుకోండి. మధ్యలో ఒక రోజు అది మళ్లీ బెదిరి మొదటికి వస్తే మీరూ మొదటి రోజు దూరానికి వెళ్లి కూర్చోండి.

కొనేటప్పుడే అమ్మేవాళ్లను కొన్ని అడగండి. దీన్ని ఏ పేరుతో పిలిచేవాళ్లు, ఇంట్లో ఎవరి వెంట తిరిగేది, ఏ వైపు కట్టేవాళ్లు, ఏ మేతకు తల ఎత్తి చూసేది. ధర బేరంలో పడి ఈ నాలుగూ అడగడం మరిచిపోతాం. పేరు మార్చాలని ముచ్చటపడకండి. ఇల్లు, మనుషులు, తల్లి అన్నీ మారిపోయిన చోట దానికి తెలిసిన చప్పుడు ఆ పేరొక్కటే.